చచ్చిపోయిన భాషలకి కూడా కొత్తగా వికీపీడియాలు ఉండాలా? మీరేమంటారు

కృష్ణలంక_కుర్రోడు:

నిన్న రాత్రి ఏదో వెతుక్కుంటా వెతుక్కుంటా వికీపీడియా భాషల లిస్టులో పడ్డానండీ, ఇంక బయటికి రాలేకపోయా. లాటిన్‌లో ఒక వికీపీడియా ఉంది, 2002 నుంచి నడుస్తోంది, వ్యాసాలు లక్ష దాటాయి. మన తెలుగుది 2003 డిసెంబర్లో మొదలైంది, అదీ ఈమధ్యే లక్ష దాటింది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మా మాతృభాష అని రాయించుకున్నోళ్ళు ఎనిమిది కోట్ల పైమాట, లాటిన్‌లో జోలపాట విని నిద్రపోయే పిల్లలు ఏ ఊళ్ళోనూ లేరు, అయినా ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మన పరువు సంగతి పక్కన పెట్టండి, అది ఇంకో గొడవ.

ఇంకా కిందకి పోతే గోతిక్ (ఒకప్పటి గోత్ తెగల భాష) ఉంది, పాత ఇంగ్లిషు ఉంది, చర్చిలో వాడే పాత స్లావిక్ ఉంది, పాళీ ఉంది, సంస్కృతం ఉంది (సంస్కృతాన్ని ఈ లిస్టులో చూసి కొట్టడానికి వచ్చేవాళ్ళు కొంచెం ఆగండి, మీ మాట కూడా వింటా). నాలుగైదు తెరిచి చూశా. చాలావాటిలో ఫలానా దేశం ఫలానా ఖండంలో ఉంది, దాని రాజధాని ఇది, అంతే, రెండు లైన్లు.

నా డౌటు ఏంటంటే ఇది ఎవరి కోసం? గోతిక్ చదవగలిగినవాడికి ఇంగ్లిషో జర్మనో వచ్చే ఉంటది, పోలండ్ గురించి తెలుసుకోవాలంటే వాడు గోతిక్ పేజీకి ఎందుకొస్తాడు? పాత పుస్తకాలు, నిఘంటువులు, శాసనాలు ఆన్‌లైన్లో పెట్టడం వేరు, దానికి చేతులెత్తి దండం పెడతా. కానీ మాట్లాడేవాళ్ళు లేని భాషలో విజయవాడ జంక్షన్ గురించి కొత్తగా వ్యాసం రాయడం దేనికి? 2024 అక్టోబర్లో పాళీకి, ప్రాకృతానికి క్లాసికల్ హోదా ఇచ్చారు కదా, ఇప్పుడు ప్రాకృతానికి కూడా వికీపీడియా కావాలని రేపో మాపో ఎవరో ఒకరు అంటారు. ఉండాలా వద్దా, ఉంటే ఎందుకు? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా.

ఫుల్‌స్టాక్_పటమట:

బ్రో, వాళ్ళ టైము, వాళ్ళ ఇష్టం. కొన్ని వేల వ్యాసాలంటే ఉత్త టెక్స్టు, మన పెళ్ళి వీడియో అంత కూడా ఉండదు, సర్వరు ఖర్చు అని ఎవడన్నా అంటే నమ్మకు. ఇంకో మాట, ఆ గోతిక్ రాసే వాడెవడో జర్మనీలో కూర్చున్నవాడు, రేపు ఆ సైటు మూసేస్తే వాడొచ్చి తెనాలి గురించి తెలుగులో రాస్తాడా ఏంటి? ఒకళ్ళు చదరంగం ఆడతారు, ఒకళ్ళు గోతిక్ రాస్తారు. ఎవరికీ నష్టం లేనప్పుడు ఉండాలా వద్దా అని మనం పంచాయితీ పెట్టడం ఎందుకో నాకర్థం కాలా.

కృష్ణలంక_కుర్రోడు:

హాబీ అయితే బ్లాగు పెట్టుకోవచ్చుగా, విజ్ఞాన సర్వస్వం అని బోర్డు ఎందుకు? బోర్డు పెట్టాక లోపలికొచ్చేవాడు అందులో ఉన్నది నిజమనుకునే వస్తాడు. నా పేచీ అక్కడ.

బ్రాడీపేట_భారతి:

సంస్కృతం మీద మాటొచ్చింది కాబట్టి దిగుతున్నా. ముందు ఈ "చచ్చిపోయిన" అనే మాటలో అన్నిటినీ కట్టగట్టి పడెయ్యకండి. 2011 లెక్కల్లో సంస్కృతం మా మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 24,821 మంది, అందులో ఎంతమంది నిజంగా ఇంట్లో మాట్లాడతారో అది వాళ్ళకీ దేవుడికీ తెలియాలి, ఆ లెక్క మీద నేనూ వాదించను. నేను చెప్పేది వేరే. ఈ భాషలో రాయడం ఎప్పుడన్నా ఆగిందా? ఆకాశవాణిలో 1974 నుంచి సంస్కృత వార్తలు వస్తున్నాయి, మైసూరు నుంచి సుధర్మ అని దినపత్రిక 1970లో మొదలైంది. వార్తలు చదవాలంటే ఎలక్షన్ గురించి, రాకెట్ గురించి, క్రికెట్ గురించి చెప్పాలిగా, అంటే ఆ మాటలు ఎప్పుడో తయారై వాడుకలో అరిగాయి కూడా.

లాటిన్ కూడా అంతే. న్యూటన్ 1687లో తన ప్రిన్సిపియా లాటిన్‌లోనే వేశాడు. కొత్త మొక్క కనిపెడితే దాని వర్ణన లాటిన్‌లో రాయాలన్న రూలు 2011 ఆఖరి దాకా ఉంది, 2012 జనవరి నుంచే ఇంగ్లిషులో రాసినా ఒప్పుకుంటున్నారు. పోప్ గారికి లాటిన్‌లో ట్విట్టర్ ఖాతా ఉంది. ఫిన్లండ్ రేడియోవాళ్ళు 1989 నుంచి 2019 దాకా ముప్పై ఏళ్ళు లాటిన్‌లో వారం వారం వార్తలు చదివారు, ఫిన్లండ్‌కీ లాటిన్‌కీ ఏం చుట్టరికమో నాకు ఇప్పటికీ అర్థం కాదు గానీ చదివారు.

గోతిక్ అలా కాదు. దానికి మిగిలింది ప్రధానంగా వుల్ఫిలా అనే బిషప్పు నాలుగో శతాబ్దంలో చేసిన బైబిల్ అనువాదం, అది కూడా ముక్కలు ముక్కలుగా. స్వీడన్‌లో ఉప్సాలా యూనివర్సిటీలో ఉంది ఒక ప్రతి, ఊదారంగు తోలు మీద వెండి సిరాతో రాసింది, ఫొటో చూడండి కళ్ళు తిప్పుకోలేరు. బైబిల్‌లో లేని మాట ఏది కావాలన్నా ఇప్పుడు కూర్చుని కల్పించాల్సిందే. కాబట్టి రాత ఆగని భాషకి ఒక న్యాయం, ఆగిపోయిన భాషకి ఇంకో న్యాయం. సంస్కృతానికి ఉండాలి. గోతిక్‌కి నాకు అక్కర్లేదు అనిపిస్తుంది, కావాలన్నవాళ్ళతో యుద్ధమైతే చెయ్యను.

ఎంపీసీ_బాధితుడు:

అక్కా ఇంటర్లో నా సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం, 98 వచ్చాయి. ఒక్క వాక్యం మాట్లాడమంటే మాత్రం అడక్కండి. మా సెక్షన్ మొత్తం అంతే, తెలుగు తీసుకుంటే మార్కులు రావని అందరినీ కట్టగట్టి సంస్కృతంలో కూర్చోబెట్టారు, శ్లోకం బట్టీ కొట్టడం, సారాంశం ఇంగ్లిషులో రాసేయడం. గుంటూరు, విజయవాడ కాలేజీల్లో సంస్కృతం చదివినవాళ్ళ లెక్క తీస్తే ఆ జనాభా లెక్కలకి ఎన్ని రెట్లు ఉంటామో, కానీ సంస్కృత వికీపీడియాలో ఒక్క పేరా చదివేవాడు మాలో లేడు. తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్నాం, సంస్కృతమూ రాలేదు తెలుగూ పోయింది. ఈ థ్రెడ్డుకి సంబంధం ఉందో లేదో తెలీదు, చెప్పాలనిపించింది.

బ్రాడీపేట_భారతి:

సంబంధం ఉంది నాన్నా. నీ బాధ మీ కాలేజీల మార్కుల యావ మీద, సంస్కృతం మీద కాదు. తెలుగు వ్యాకరణం కూడా అలాగే బట్టీ పట్టిస్తే దాని గతీ అంతే.

అరండల్‌పేట_మేష్టారు:

ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు బాబూ. మీ విజయవాడ పక్కనే పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు నూరేళ్ళ కిందటే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. మూడు సంపుటాలు వచ్చాయి, అకారంతో మొదలయ్యే మాటలే ఇంకా పూర్తి కాలేదు, 1923లో ఆయన పోయారు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు భుజానికెత్తుకున్నారు. ఒక్క అక్షరానికి మూడు సంపుటాలంటే నవ్వేవాళ్ళు ఉంటారు గానీ, సాయానికి తెలుగులో ఏ మూసా లేని రోజుల్లో అన్ని శాస్త్రాలూ తెలుగులో చెప్పాలని కూర్చోవడం ఎంత మొండి ధైర్యమో ఆ పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. ఠాగూర్ లైబ్రరీలోనో ఎక్కడో పాత ప్రతి దొరికితే చూడండి.

నేను చెప్పొచ్చేది ఏమిటంటే అది గ్రాంథికంలో ఉంది. అప్పటికి గ్రాంథికం ఎవరి నోట్లోనూ లేదు, ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, పుస్తకాల్లోనే బతికింది. ఆ లెక్కన అదీ మీరనే మృతభాషే కదా. ఎవరికోసం అని అప్పుడూ అడిగారు, గిడుగు రామమూర్తి గారి వ్యావహారిక ఉద్యమమంతా ఆ ప్రశ్నే. చదువుకున్న కొద్దిమందికే అందే భాషలో లోకజ్ఞానం పెట్టి జనానికి పెట్టామనడం కుదరదన్నారు ఆయన. గెలిచింది ఆయనే, అందుకే ఈవేళ మీరు ఇలా రాసుకుంటున్నారు. రేపు ఎవరైనా గ్రాంథిక తెలుగు వికీపీడియా అని వేరే పెడతానంటే మీరంతా నవ్వరూ? ఇంద్రకీలాద్రి మీద యుద్ధమల్లుడి శాసనం ఉంది, మధ్యాక్కర పద్యాలు, శుద్ధ తెలుగు, వెయ్యేళ్ళ పైనాటిది, చదివితే మనకి సగం అర్థం కాదు. ఆ తెలుగులో మొబైల్ ఫోన్ గురించి వ్యాసం రాయమంటే నేను మాత్రం రాయను.

ఫుల్‌స్టాక్_పటమట:

మేష్టారూ, మీరు నవ్వుతాం అన్నది చైనావాళ్ళు ఆల్రెడీ చేశారు. మామూలు చైనీస్ వికీపీడియా ఉండగా పాత గ్రాంథిక చైనీస్‌కి వేరే వికీపీడియా ఉంది, వేల వ్యాసాలు. ఇప్పటి ఊళ్ళ గురించి, సైన్సు గురించి కన్ఫ్యూషియస్ నాటి శైలిలో రాస్తారు. నాకు నవ్వు రాలేదు, నిజం చెప్పాలంటే కొంచెం కుళ్ళొచ్చింది. మనవాళ్ళు చేస్తే నేనైతే చదువుతా, గ్రాంథికంలో స్విగ్గీ గురించి.

అరండల్‌పేట_మేష్టారు:

చదువుతావు, రెండు రోజులు, నవ్వుకోడానికి. విజ్ఞాన సర్వస్వం పని అది కాదు కదా నాయనా.

తెవికీ_పాతకాపు:

తెలుగు వికీపీడియాలో చాలా ఏళ్ళు గడ్డి పీకినవాణ్ణి కాబట్టి లోపలి సంగతి చెప్తా. ఈ లాటిన్, గోతిక్, పాత ఇంగ్లిషు ఇవన్నీ తొలి ఏళ్ళలో వచ్చినవి, అప్పట్లో అడిగితే ఇచ్చేవాళ్ళు. స్టార్ ట్రెక్ కోసం కల్పించిన క్లింగన్ భాషకి కూడా ఒకటి ఉండేది, 2005లో మూసేశారు. తర్వాత భాషల కమిటీ పెట్టి రూలు బిగించారు, బతికున్న మాట్లాడేవాళ్ళు ఉండాలని. ప్రాచీన గ్రీకు కోసం ఎంతమంది ఎన్ని ఏళ్ళు అడిగారో, ఇవ్వలేదు. కానీ అదే రూల్లో ఇంకో మాట ఉంది, ప్రాచీన భాషలకి వికీసోర్స్ ఇస్తాం అని. అంటే పాత గ్రంథాలు టైపు చేసి పెట్టుకునే చోటు. కృష్ణలంక తమ్ముడు అడిగిన తేడా సరిగ్గా అదే. సంస్కృతంలోనే చూడండి, సంస్కృత వికీపీడియాలో పది వేల పైచిలుకు వ్యాసాలుంటే చాలామటుకు రెండు మూడు వాక్యాలు, అదే సంస్కృత వికీసోర్స్‌కి వెళ్తే కావ్యాలు, పురాణాలు, శాస్త్రాలు, నిజంగా పనికొచ్చే సరుకు అక్కడుంది, నేనే ఎన్నోసార్లు శ్లోకం సరిచూసుకోడానికి వెళ్ళా.

ఇప్పుడు అసలు భయం చెప్తా. హాబీ, ఎవరికీ నష్టం లేదు అన్నారే, దాని గురించి. 2020లో స్కాట్స్ భాష (స్కాట్లండ్‌లో మాట్లాడేది) వికీపీడియా బండారం బయటపడింది. ఆ భాష రాని ఒక అమెరికా కుర్రాడు, చిన్నపిల్లాడప్పుడే మొదలెట్టి, వేల వేల వ్యాసాలు రాసేశాడు, ఇంగ్లిషు వాక్యంలో నాలుగు స్పెల్లింగులు మార్చి స్కాట్స్ అనుకున్నాడు. పాపం మంచి ఉద్దేశంతోనే. స్కాట్స్ బతికున్న భాష, లక్షల మంది మాట్లాడతారు, అయినా పట్టుకోడానికి ఏళ్ళు పట్టింది. మాట్లాడేవాడే లేని భాషలో ఇదే జరిగితే "మా ఇంట్లో ఇలా అనం రా బాబూ" అని చెప్పేదెవరు? మేం తెలుగులో పడ్డాం ఈ బాధ. 2009, 2010 ఆ టైములో గూగుల్ వాళ్ళ టూలుతో డబ్బులిచ్చి ఇంగ్లిషు వ్యాసాలు అనువాదం చేయించి గుట్టలు గుట్టలుగా తెలుగులో పోశారు. వాక్యం మొదలు దగ్గర నిలబడితే చివర కనపడదు. కనీసం మాకు అది తెలుగు కాదని తెలుసు, తిట్టుకుంటా దిద్దాం, దిద్దలేనివి తీసేశాం. ఇప్పుడు ఏఐ వచ్చింది, ఒక్కడు ఇంట్లో కూర్చుని రాత్రికి రాత్రి పాళీలో వెయ్యి వ్యాసాలు దింపగలడు, ఆ వెయ్యిని చదివి నేర్చుకుని రేపు ఇంకో ఏఐ పదివేలు రాస్తది. దిద్దేవాడు ఎక్కడ?

లెక్కలు చూసి మోసపోకండి అని కూడా చెప్తా. ఫిలిప్పీన్స్‌లో సెబువానో భాష వికీపీడియాలో అరవై లక్షల పైన వ్యాసాలు, దాదాపు అన్నీ స్వీడన్‌లో ఒకాయన తయారుచేసిన బాటు (తనంతట తానే పేజీలు రాసే ప్రోగ్రాము) రాసినవే. మన లక్షలో కూడా జనాభా లెక్కల నుంచి దింపిన ఊళ్ళ పేజీలు ఎన్నో ఉన్నాయి, మా ఊరి పేజీలో ఊరి గురించి తప్ప అన్నీ ఉన్నాయి.

బ్రాడీపేట_భారతి:

దిద్దేవాడు లేడు అన్న మాట గోతిక్‌కి ఒప్పుకుంటా. లాటిన్‌లో, సంస్కృతంలో తప్పు రాస్తే మాత్రం ఊరుకోరండీ. పాణిని సూత్రం పట్టుకుని తలుపు తట్టేవాళ్ళు ఉంటారు, మీ తెలుగులో కన్నా ఎక్కువ ఉంటారేమో కూడా. ఇంకోటి, నేర్చుకునేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. చదవడం ఒక్కటే చేస్తే భాష రాదు, రాస్తేనే వస్తుంది. లాటిన్ వికీపీడియాలో రాసేవాళ్ళు అందుకే రాస్తారనుకుంటా, పక్కవాడు దిద్దుతాడు, ఇంకోసారి రాస్తారు. చదివేవాడి కోసం కాకపోయినా రాసేవాడి కోసం అనుకోండి, అది తక్కువ పనా?

కృష్ణలంక_కుర్రోడు:

తక్కువ పని కాదు, కానీ అప్పుడది కాపీపుస్తకం అవుతుందక్కా, విజ్ఞాన సర్వస్వం కాదు. దిద్దుడు పుస్తకాన్ని లైబ్రరీ అల్మరాలో పెట్టరుగా. ఇళ్ళలో మాట్లాడటం మానేసిన హీబ్రూ మళ్ళీ లేచి నిలబడింది కదా అంటారేమో, ముందు ఇళ్ళలో, బళ్ళలో పిల్లలు మాట్లాడారు, వికీపీడియా ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. పాతకాపు గారు చెప్పిన దిద్దేవాడి మాట నాకు బాగా తగిలింది, నేను చదివేవాడి గురించే ఆలోచించా.

శాసనాల_పిచ్చి:

పాళీ గురించి ఒక్కరూ సరిగ్గా మాట్లాడలా, అమరావతి పక్కన పెట్టుకుని ఇదేం అన్యాయం. పాళీకి సొంత లిపి లేదు. శ్రీలంకలో సింహళ లిపిలో రాస్తారు, బర్మాలో బర్మా లిపి, థాయ్‌లాండ్‌లో థాయ్, యూరప్ వాళ్ళు రోమన్‌లో అచ్చేశారు. పాళీ వికీపీడియా తెరిస్తే దేవనాగరి. పాళీ నిజంగా రోజూ చదివే భిక్షువులు ఎక్కువమంది ఉన్న దేశాల్లో దేవనాగరి చదివేది ఎందరు? చదవగలిగినోళ్ళకి లిపి రాదు, లిపి వచ్చినోళ్ళకి పాళీ రాదు. ఎవరి కోసం అన్న ప్రశ్నకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇక ప్రాకృతం. వికీపీడియా కావాలని అడిగేవాడు వస్తాడు అన్నారు, అడిగేవాణ్ణి ముందు భట్టిప్రోలు తీసుకెళ్తా. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ స్తూపం తవ్విస్తే రాతి పేటికలు దొరికాయి, లోపల స్ఫటిక భరిణె, పేటికల మీద ప్రాకృతంలో రాత, కుబేరకుడు అనే రాజు పేరు. ఆ రాతకి వాడిన బ్రాహ్మి లిపిలో కొన్ని అక్షరాలు ఇంకెక్కడా లేనట్టు ఉంటే బ్యూలర్ అనే జర్మన్ పండితుడు కూర్చుని చదివాడు. ఆ శాసనాలు మూలం, లిప్యంతరం, అర్థం మూడూ పక్కపక్కన పెట్టి తెలుగువాడు ఫోన్లో చదువుకునేలా ఎక్కడుంది చెప్పండి? అమరావతిలో చర్మకారుడు ఒకాయన ఇంటిల్లిపాదితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చానని రాయించాడు. రాజు కాదు, మంత్రి కాదు, తోలు పని చేసుకునే మనిషి, ఆయన పేరు విధికుడు. రెండువేల ఏళ్ళనాటి ఆ పేరు మన గుంటూరు పిల్లల్లో ఎందరికి తెలుసు? పేరున్న పలకలు చాలామటుకు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, అది ఇంకో ఏడుపు.

ప్రాకృతంలో కొత్తగా జంక్షన్ గురించి రాసే ఓపిక ఉన్నవాడు ఆ ఓపికలో పదో వంతు పెట్టి ఈ పాత ప్రాకృతాన్ని తెలుగులోకి తెస్తే చాలు. పటమట తమ్ముడు అంటాడు, జర్మనీ వాడు వచ్చి రాస్తాడా అని. రాడు. నేను అడిగేది మనవాళ్ళని.

ఫుల్‌స్టాక్_పటమట:

టెక్నికల్‌గా అడ్డేం లేదు, బ్రాహ్మి లిపి 2010లోనే యూనికోడ్‌లోకి వచ్చేసింది, ఫాంటు ఉంటే చాలు. మూలం, లిప్యంతరం, అర్థం మూడు కాలమ్స్ పేజీ అంటే వీకెండ్ పని, నేను చేసి పెడతా. కానీ చదివి సరిచూసేవాళ్ళు కావాలి, పాతకాపు గారన్నట్టు దిద్దేవాడు లేకపోతే నేను కూడా ఆ స్కాట్స్ కుర్రాణ్ణే అవుతా. గోతిక్ వాళ్ళ మీద నా మాట మాత్రం మార్చుకోను, రాసుకోనీ.

తెవికీ_పాతకాపు:

వేరే సైటు పెట్టకండయ్యా, రెండేళ్ళకి డొమైన్ డబ్బు కట్టక పోద్ది. ఫొటోలు కామన్స్‌లో (వికీపీడియా వాళ్ళ ఫొటోలు దాచే చోటు) ఎక్కించండి, పాఠం వికీసోర్స్‌లో పెట్టండి, భట్టిప్రోలు వ్యాసం తెలుగు వికీపీడియాలో ఉండనే ఉంది, దాన్ని పెంచండి. పాత ఎపిగ్రాఫియా ఇండికా (శాసనాలు అచ్చేసే పత్రిక) సంపుటాలు కాపీరైటు దాటినవి నెట్లో దొరుకుతాయి, బ్యూలర్ పాఠం అందులోదే తీసుకుంటే మనం కొత్తగా కల్పించినట్టు ఉండదు.

కృష్ణలంక_కుర్రోడు:

నేను అడిగిందేంటి, చర్చ తేలిందెక్కడ. సరే, ఫొటోలు నేను తీస్తా, బండి ఉంది, ముందు అమరావతి తర్వాత భట్టిప్రోలు. ఈ శుక్రవారం ఆఫీసు సెలవు, ఎవరన్నా వస్తారా?

శాసనాల_పిచ్చి:

శుక్రవారం వద్దు, అమరావతి మ్యూజియం ఆరోజే సెలవు. ఆదివారం అయితే నేనూ వస్తా, పొద్దున్నే బయల్దేరదాం, ఎండ ఎక్కాక రాతి మీద అక్షరం ఫొటోలో పడదు. మ్యూజియం లోపల కెమెరాకి ఏమంటారో ముందు కౌంటర్లో అడుగుదాం.